చేతికంటుకున్న చొక్కా

కంప్యూటరు రోగాలు కుదర్చడంలో మా వీధి మొత్తం మీద నన్ను మించినవాడు లేడు. నేను చదివింది ఊళ్ళో బడిలో అయిదో తరగతి వరకే. అందులోనూ నాలుగో తరగతి మీద మమకారం కొద్దీ రెండేళ్ళు చదివాను. అయినా సరే, అంత చదువు చదివిన మా కోడలు రెండు రోజులు జుట్టు పీక్కున్నా అంతుచిక్కని జబ్బుని నేను కుర్చీలోంచి లేవకుండా ఒంటి చేత్తో తేల్చిపారేశాను. కళ్ళజోడు కూడా సరిగ్గా పెట్టుకోలేదు. నమ్మకపోతే మా కోడల్నే అడగండి. వద్దులెండి, ఆమె పనిలో ఉంటుంది. నేనే చెబుతాను.

నేను నలభై ఏళ్ళు కటింగు మాస్టర్ని. బట్ట కుట్టేవాణ్ణి కాదు, కత్తిరించేవాణ్ణి. కుట్టినవాడు తప్పు చేస్తే విప్పి మళ్ళీ కుట్టుకోవచ్చు. కత్తిరించినవాడు తప్పు చేస్తే ఇంక ఆ గుడ్డ చేతిరుమాళ్ళకే. అందుకని మా కటింగు మాస్టర్లకి పొగరు ఓ పిసరు ఎక్కువ. నాకు ఇంకో పిసరు ఎక్కువ, ఎందుకంటే ఏనుగుకి కోటు కత్తిరించినవాణ్ణి నేనొక్కణ్ణే. సర్కసు వాళ్ళు వచ్చి అడిగారు. నాలుగు చేతుల కోటు. కొలత టేపులు నాలుగు కలిపి కుట్టుకుని, నిచ్చెనెక్కి మెడ కొలత తీస్తుంటే, కింద పడ్డ నా పెన్సిలు ఆ ఏనుగే తొండంతో అందించింది. రాసుకో అన్నట్టు ఒకటికి రెండుసార్లు తలూపింది కూడా. సరే, ఏనుగుని అలా పక్కన కట్టేసి అసలు సంగతికి వస్తాను.

నేను పని మానేశాక నా కత్తిరింపు బల్ల ఇంటి ముందుగదిలోకి వచ్చింది. ఆరుగురు పడుకునేంత బల్ల. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక మావాడు తల పట్టుకుంటే, కోడలు "నాకివ్వండి, నా కంప్యూటరు పెట్టుకుంటాను" అంది. అలా నా బల్లకి మళ్ళీ ఉద్యోగం దొరికింది. బల్లకి ఓ చివర ఆమె కంప్యూటరు, రెండో చివర నా పేపరు, నా కళ్ళజోడు, నా టీ గ్లాసు. మధ్యలో గీసి ఉన్న చాక్ గీత మా సరిహద్దు. నా చెయ్యి ఆ గీత దాటకూడదని కోడలి ఆర్డరు. ఒకసారి దాటితే ఆమె రాసుకున్నదంతా చెరిగిపోయింది లెండి. అది నేను చెరిపానని ఇప్పటికీ రుజువు కాలేదు.

కోడలు చేసే పని ఏమిటంటే, తెర మీద ఫొటోలు పెద్దవి చేసి చూసుకునే ఏర్పాటు. ఒక చొక్కాల ఫ్యాక్టరీ వాళ్ళు చేయించుకున్నారు. కుట్టుపని ఎక్కడెక్కడో జరుగుతుంది, ప్రతి రకానికీ మొదటి చొక్కా ఫొటో తీసి ఫ్యాక్టరీకి పంపుతారు. అక్కడ ఒక పెద్దావిడ కూర్చుని ఆ ఫొటోని తెర మీద బాగా పెద్దది చేసి, మౌసు నొక్కిపట్టి ఇటూ అటూ లాగుతూ కుట్టు కుట్టూ చూస్తుంది. కాలరు చూశాక పైకి లాగితే జేబు, పక్కకి లాగితే చెయ్యి. ఆవిడ సరేనంటేనే మిగతా చొక్కాలు కుడతారు. ముప్పై ఏళ్ళుగా గుడ్డతోనే పని, మొదట కత్తిరింపు బల్ల దగ్గర, తర్వాత చెకింగులో. అందరూ ఆవిణ్ణి చెకింగమ్మ అంటారు.

గొడవల్లా ఏమిటంటే, చెకింగమ్మ లాగితే బొమ్మ జరగడం లేదు. జరగకపోగా, చొక్కాకి దయ్యంలాగా పాలిపోయిన ఇంకో చొక్కా పుట్టి మౌసు బాణానికి వేలాడుతోంది. చెయ్యి వదిలేసినా అసలు చొక్కా వదలదు. బాణం ఎటు పోతే అటు వెంటపడి వస్తుంది.

"నువ్వు లాగితే జరుగుతోంది కదమ్మా?" అన్నాను.

"వెన్నలా జారుతోంది మామయ్యా. పెద్దల్లుడిలో జారుతోంది, చిన్నల్లుడిలోనూ జారుతోంది. ఆవిడ లాగితేనే అంటుకుంటోంది."

ఈ అల్లుళ్ళెవరో చెప్పాలి. ఇంటర్నెట్టు చూపించే బ్రౌజర్లు రెండు మూడు రకాలున్నాయి. ఒకే ప్రోగ్రాము పెట్టినా ఒక్కోదానిది ఒక్కో బుద్ధి. కోడలు దాని గురించి విసుక్కుంటుంటే నేనే పేర్లు పెట్టాను. పెద్దల్లుడు ఏం వడ్డించినా మాట్లాడకుండా తిని చెయ్యి కడుక్కుంటాడు. చిన్నల్లుడికి అదే భోజనం అదే విస్తట్లో పెట్టినా, మంచినీళ్ళ గ్లాసు ఎడమపక్కన పెట్టారేం అని లేచిపోతాడు. ఫ్యాక్టరీలో ఉన్నది చిన్నల్లుడు.

"ఆవిడవి జిగురు చేతులేమో చూడమను" అన్నాను.

"మామయ్యా, మీకు నవ్వులాటగా ఉంది. అక్కడ ఆవిడ కుర్చీకి ఎసరొచ్చింది."

నిజంగానే వచ్చింది. ఆ మధ్యాహ్నం ఒంటిగంటకి ఫ్యాక్టరీ మేనేజరు ఫోను చేశాడు. కోడలు స్పీకరులో పెట్టింది కాబట్టి నా చెవుల తప్పు లేదు.

"మేడమ్, నేను లాగాను, జరిగింది. మా స్టోర్సు అతను లాగాడు, జరిగింది. ఆవిడ లాగితేనే ఈ తంటా. వయసైపోయింది మేడమ్, చెయ్యి కుదురుగా లేదు. నాలుగింటికి ఓనరుగారు వస్తారు. మీ ప్రోగ్రాములో లోపమేం లేదని ఒక్క ముక్క రాసి పంపారంటే ఆయనకి చూపించి ఆవిణ్ణి ప్యాకింగులోకి మార్చేస్తాం."

వెనకనుంచి ఒక ఆడగొంతు గయ్యిమంది. "ఇలా ఇవ్వండి బాబూ ఆ ఫోను! అమ్మాయీ, నా చేతులకేం రోగం లేదు. ఈ రోజుకీ కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాను, కావాలంటే ఈ మేనేజరుబాబుని ఎక్కించమను చూద్దాం. నీ బొమ్మే నా చెయ్యి వదలట్లేదు. దాని సంగతి చూడు తల్లీ. ప్యాకింగులో కూర్చుని అట్టపెట్టెలు మడవడానికా నేను ముప్పై ఏళ్ళు కళ్ళు అరగదీసుకుంది?"

కోడలు ఫోను పెట్టేసింది. "ఆవిడ అబద్ధం చెబుతున్నట్టు లేదు మామయ్యా. కానీ నా దగ్గర తప్పు కనబడకపోతే ఏం దిద్దను? మూడున్నరదాకా చూస్తాను. తేలకపోతే వాళ్ళడిగిన ఉత్తరం రాయక తప్పదు" అంది. ఆ తర్వాత నూరుసార్లు లాగింది. చిన్నల్లుడిలో లాగింది, మెల్లగా లాగింది, విసురుగా లాగింది, ఎడమచేత్తో లాగింది. చొక్కా బుద్ధిమంతుడిలా జరిగింది.

రెండున్నరకి మా ఆవిడ వంటింట్లోంచి "ఆ పిల్ల పొద్దుటినుంచీ ఏమీ తినలేదు" అని కేకేసింది. కోడలు లేచి భోజనానికి వెళ్ళింది. వెళుతూ చాక్ గీత వైపు చూసి, నా వైపు చూసి వెళ్ళింది.

నేను బుద్ధిగా పేపరు చదువుకుంటున్నాను. అంతలో పక్కచూపుకి తెర మీద చొక్కా కనబడింది. గుమ్మమంత కాలరు. దాని కింద కుట్టు బాగానే పడింది కానీ, కిందికి వచ్చేసరికి గుండీల పట్టీ పక్కకి ఒరుగుతున్నట్టు అనిపించింది. మిగతాది తెరకి అందడం లేదు. నలభై ఏళ్ళు గుడ్డ చూసినవాడు సగం చొక్కా చూసి ఊరుకుంటాడా? ఊరుకోవాలనే అనుకున్నాను. నా చెయ్యి మాత్రం గీత దాటింది.

మౌసు మీద చెయ్యి వేశాను, లాగాను. అంతే. పాలిపోయిన దయ్యం చొక్కా ఒకటి బాణానికి వేలాడింది. చెయ్యి వదిలేశాను. వదిలేసి, దయ్యం పోయిందా అని మౌసుని ఇలా కదిపానో లేదో, అసలు చొక్కా వెంటపడింది. మౌసుని కుడివైపు తోశాను, కుడివైపు వచ్చింది. పైకి తోశాను, పైకి వచ్చింది. తడిచేతికి కాగితం అంటుకుంటే విదిలిస్తామే, అలా విదిలించాను. చొక్కా తెరంతా గంతులేసింది. మొత్తానికి కోడలి కొంప మళ్ళీ ముంచానన్నమాట. మౌసుని ఎక్కడిదక్కడ పెట్టేసి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, వాతావరణ వార్తలు బిగ్గరగా చదవడం మొదలుపెట్టాను.

కోడలు చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. కూర్చుంది. మౌసుని ముట్టుకుంది. నొక్కనైనా నొక్కలేదు, చొక్కా వెంట వచ్చింది.

"మామయ్యా!"

"రేపు చిరుజల్లులట తల్లీ."

"మౌసు ముట్టుకున్నారా?"

"నేనా? గీత ఇవతలే ఉన్నానే."

"మామయ్యా, కోప్పడను. దీనికోసమే రెండు రోజులుగా చస్తున్నాను. ఎలా వచ్చింది ఇది? మీరేం చేశారు?"

కోప్పడను అని చెప్పినవాళ్ళు కోప్పడని రోజు నేనింతవరకు చూడలేదు. "గాలికి కదిలిందేమో" అన్నాను. ఆమె కిటికీ వైపు చూసింది. కిటికీ మూసి ఉంది.

"సరే, ఒక్కసారి మీరు కూర్చుని లాగండి. ఎలా లాగుతారో చూస్తాను."

ఆమె పేజీని మళ్ళీ కొత్తగా తెరిచింది. నేను పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చుని, వేడి గ్లాసు పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో మౌసు పట్టుకుని, మెల్లగా లాగాను. చొక్కా వెన్నలా జారింది. మళ్ళీ లాగాను. మళ్ళీ జారింది.

"అయితే మీరు కాదు" అని నీరుగారిపోయింది కోడలు.

నాకు ప్రాణం లేచివచ్చింది. వచ్చిన ప్రాణం నిలవలేదు. గడియారం మూడుంపావు దాటింది. కోడలు ఇంకో ఇరవైసార్లు లాగి చూసి, చివరికి ఉత్తరం తెరిచింది. ఒక్కో అక్షరమే కొట్టింది. "మా వైపు అన్ని విధాలా పరీక్షించాము. ప్రోగ్రాములో ఏ లోపమూ..." అక్కడ ఆగిపోయి, కుర్చీకి జారబడి కళ్ళు మూసుకుంది.

ఆ అక్షరాలు నేను చదివాను. చదివి చెకింగమ్మని తలుచుకున్నాను. నాబోటి మనిషి. గుడ్డనే నమ్ముకున్న మనిషి. నేను పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నందుకు ఆవిడ అట్టపెట్టెలు మడవాలా? లేచి నిలబడ్డాను. ఛాతీ విరుచుకున్నాను. "అమ్మాయ్, ఆగు! ఆ ఉత్తరం పంపకు. మౌసు ముట్టుకున్నది నేనే! రెండు దెబ్బలు వేసి లాగాను. శిక్ష ఏదైనా నాకే వెయ్యి" అన్నాను. నా గొంతు ఆ గదిలో గంటలా మోగింది.

"రెండు దెబ్బలేంటి?" అంది కోడలు.

"గుడ్డని లాగేముందు రెండు దెబ్బలు వేస్తాం కదా, అరచేత్తో. టప్ టప్ అని."

"ఎందుకు?"

"ఎందుకేమిటి తల్లీ! ఒకదాని మీద ఒకటి ఇరవై పొరలు పరుస్తాం. మధ్యలో గాలి ఉంటుంది. అది పోకుండా లాగితే కింద పొర జరిగిపోయి ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ అవుతుంది."

"ఫొటోలో గాలి ఎక్కడుంది మామయ్యా?"

"ఆ సంగతి చేతికి తెలుసా? బల్లేమో ఆ బల్లే. తెర మీదేమో గుడ్డ. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది."

"అయితే ఇందాక నేను చూస్తుండగా ఎందుకు వెయ్యలేదు?"

"ఇందాక భయంతో లాగాను కదమ్మా. దెబ్బలు వేసేంత చనువు ఎక్కడిది?"

కోడలు నన్ను కుర్చీలోకి తోసింది. "వెయ్యండి. బల్ల మీద వేసినట్టే వెయ్యండి."

వేశాను. టప్ టప్. లాగాను. దయ్యం చొక్కా లేచింది. కోడలు కెవ్వుమంది. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది, నాకేమైనా అయిందేమోనని. కాలేదని తెలిసి నిలబడిపోయింది.

తర్వాత కోడలు నాకు అర్థమయ్యేలా చెప్పింది. తెర మీద బొమ్మని పట్టి లాగితే బ్రౌజరుకి పుట్టుకతో ఒక అనుమానం ఉంటుందట, వీడు ఈ బొమ్మని ఎత్తుకుపోయి వేరేచోట పెట్టుకుంటాడేమోనని. అందుకే మోసుకెళ్ళడానికి వీలుగా పాలిపోయిన నకలు ఒకటి చేతికిస్తుంది. అలా ఇవ్వొద్దని కోడలు ముందే కట్టడి చేసింది. అల్లుళ్ళిద్దరూ సరే అన్నారు. కానీ బొమ్మ మీద టకటకా రెండుసార్లు నొక్కితే, చిన్నల్లుడు "ఓహో, దీన్ని ఎంచుకున్నారన్నమాట" అనుకుంటాడు. ఎంచుకున్న సరుకుని మోసుకెళ్ళడానికి అతగాడి దగ్గర వేరే రూలు ఉంది. కోడలి కట్టడి ఆ రూలుకి వర్తించదు. పైగా ఒకసారి మోసుకెళ్ళే పని మొదలైతే, వేలు ఎత్తేసిన సంగతి కూడా ఆమె ప్రోగ్రాముకి చెప్పడు. ప్రోగ్రామేమో వేలు ఇంకా నొక్కే ఉందనుకుని చొక్కాని తిప్పుతూనే ఉంటుంది. మేనేజరూ, స్టోర్సు అతనూ, మా కోడలూ ఏనాడూ కత్తిరింపు బల్ల దగ్గర నిలబడ్డవాళ్ళు కారు. వాళ్ళ చేతులకి దెబ్బ వెయ్యడం తెలీదు. అందుకే వాళ్ళకి ఎప్పుడూ జారింది.

కోడలు వెంటనే చెకింగమ్మకి ఫోను చేసింది. "అమ్మా, మీరు లాగేముందు మౌసు మీద రెండుసార్లు తడతారా?"

"తట్టకుండా గుడ్డ లాగుతారా ఎవరైనా?" అంది చెకింగమ్మ, మమ్మల్ని వెర్రివాళ్ళని చూసినట్టు.

"లాగరు!" అని అరిచాను నేను.

"ఎవరమ్మా ఆ వెనకాల?"

"మా మామయ్య. కటింగు మాస్టరు."

"అదీ! పని తెలిసిన మనిషి ఒకరైనా ఉన్నారు మీ ఇంట్లో."

ఆ మాట మా ఆవిడకి వినబడేలా రెండోసారి చెప్పించుకుందామనుకున్నాను గానీ కోడలు ఫోను పెట్టేసింది. పది వేళ్ళూ పరిగెత్తించింది. మూడు కుట్లు వేసిందని నా భాషలో చెబుతాను. బొమ్మని ఎవరూ ఎంచుకోవడానికి వీల్లేకుండా ఒక కుట్టు. ఏ కారణంగానైనా సరే మోసుకెళ్ళడం మొదలైతే అక్కడికక్కడే ఆపేసేందుకు ఒక కుట్టు. మౌసు మీద వేలు లేదని తెలిసిన క్షణాన చొక్కాని వదిలేసేందుకు ఒక కుట్టు. వేసి నావైపు తిరిగి "కొట్టండి" అంది. కొట్టాను. లాగాను. జారింది. అల్లుళ్ళిద్దరిలోనూ మార్చి మార్చి కొట్టాను. ఆ ఉత్సాహంలో నా టీ గ్లాసు ఒలికి చాక్ గీత చెరిగిపోయింది. ఎవరూ పట్టించుకోలేదు.

నాలుగింటికి ఫోను మోగింది. అటువైపు ఓనరు కూడా ఉన్నాడు. కోడలు ముందుగానే చెప్పేసింది. "సార్, తప్పు ఆవిడ చేతిది కాదు. నా ప్రోగ్రాముది. ఆవిడ గుడ్డని ఎలా ముట్టుకుంటారో నేను అడగలేదు. ఇప్పుడు సరిచేశాను, ఆవిడనే చూడమనండి." అలా ఒప్పుకోవడానికి ఆ పిల్ల ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

ఫోనులో మాకు వినబడింది. టప్ టప్. మా ఆవిడ గరిటె గుండెకి ఆనించుకుని నిలబడింది.

"జరిగింది" అన్నాడు మేనేజరు, కాస్త నిరాశగానే.

"ఆగండాగండి" అంది చెకింగమ్మ. "ఈ గుండీల పట్టీ ఏంటి ఇలా ఒరిగింది? కింది గుండీకి వచ్చేసరికి వేలెడు పక్కకి పోయింది. రెండు రోజులుగా ఈ బొమ్మ పైభాగమే చూపించి చంపుతోంది, కింద ఇంత ఘోరం పెట్టుకుని. ఇది కుట్టడం మొదలుపెట్టారా?"

"రేపు మొదలు" అన్నాడు మేనేజరు, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు.

"ఆపించు" అన్నాడు ఓనరు. "ఆవిడ సరేననేదాకా ఒక్క చొక్కా కూడా కుట్టొద్దు. అన్నట్టు ప్యాకింగుకి ఎవర్నో మారుస్తానన్నావు, ఎవర్ని?"

మేనేజరు ఏదో గొణిగాడు. అక్కడ ప్యాకింగులోకి ఎవరూ వెళ్ళలేదు.

ఆ గుండీల పట్టీ ఒరిగిందని ఆవిడకంటే ముందు నేనే కనిపెట్టానని మీకు గుర్తుండే ఉంటుంది. ఎవరూ అడగలేదు కాబట్టి నేనే గుర్తుచేస్తున్నాను.

ఇక మొదట్లో కంప్యూటరు రోగాలు కుదర్చడంలో నన్ను మించినవాడు లేడన్నాను. ఇంత విన్నాక మీకు తెలిసే ఉంటుంది, నేను కుదిర్చింది ఏమీ లేదు. కుదిర్చింది కోడలు. నేను చేసిందల్లా రోగం తెప్పించడం. ఆ విద్యలో మాత్రం మా వీధిలో నన్ను మించినవాడు నిజంగానే లేడు. కోడలు కూడా ఆ మాటే అంటుంది. ఇప్పుడు ఏ కొత్త ప్రోగ్రాము రాసినా ముందు నన్ను కూర్చోబెట్టి, "మామయ్యా, పాడుచెయ్యండి" అంటుంది. చాక్ గీత మళ్ళీ గియ్యలేదు.

ఇదంతా రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. విని, "ఒక ముక్క కల్పించారు, అది ఒప్పుకోండి" అంది. ఏనుగు కోటు సంగతి కాదు. అది నిజం. ఆ నాలుగు టేపులు కలిపి కుట్టిన టేపు మీద ఆవిడే ఇప్పటికీ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను కల్పించింది లేచి నిలబడి ఛాతీ విరుచుకున్న ముక్క. ఆ టైముకి నేను పేపరు వెనకాలే ఉన్నాను. వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడే అంది, "ఆ పిల్లనెందుకు ఏడిపిస్తారు, ఇందాక టప్ టప్ మని నాకు వినబడిందిగా. నలభై ఏళ్ళు విన్న చప్పుడు నాకు తెలీదా?"

చెప్పాలని మాత్రం నోటిదాకా వచ్చింది. అది నిజం.